ఫ్యాన్‌కి స్టార్లిచ్చారు సరే, స్పేర్ పార్టులు ఎవరిస్తారు?

సీలింగ్ ఫ్యాన్ కొనేటప్పుడు మన ఇళ్లలో జరిగే చర్చ చాలా చిన్నది. ఏ రంగు, ఎంతకిస్తావు, గాలి బాగా వస్తుందా. అంతే. ఫ్రిజ్ కోసం నాలుగు షాపులు తిరిగేవాళ్లు, ఫోన్ కోసం నెల రోజులు వీడియోలు చూసేవాళ్లు కూడా ఫ్యాన్ దగ్గరికొచ్చేసరికి ఎలక్ట్రీషియన్ ఏది చెబితే అది తెచ్చేస్తారు. ఆ ఫ్యాన్ ఆ తర్వాత పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో రాత్రీ పగలూ తలమీద తిరుగుతూనే ఉంటుంది. మన దేశంలో ప్రతి పది ఇళ్లలో దాదాపు తొమ్మిదింట్లో కరెంటు ఫ్యాన్ ఉంది. వాషింగ్ మెషీన్‌కీ ఏసీకీ ఆ అదృష్టం ఇంకా పట్టలేదు.

ఈ పట్టించుకోకపోవడం వల్ల రెండు నష్టాలు జరిగాయి. కొన్ని తరాల పాటు ఫ్యాన్ లోపలి మోటారు పెద్దగా మారకుండా కరెంటు తింటూ కూర్చుంది. ఇప్పుడు మారింది, సంతోషమే. కానీ మారేటప్పుడు పాత ఫ్యాన్‌కున్న గొప్ప గుణం ఒకటి పోయింది. ఏ ఊళ్లోనైనా, ఏ సందులోనైనా, వంద రెండొందలతో బాగుచేయించుకోగలగడం. నా గొడవంతా దీని గురించే. (ఆంధ్రాలో ఫ్యాన్ ఎన్నికల గుర్తు కూడా కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది రాజకీయ వ్యాసం కాదు.)

కరెంటు రాకముందు ఉన్నది పంకా. కప్పు నుంచి వేలాడే పొడవాటి చెక్క చట్రం, దానికి గుడ్డ, ఆ చట్రానికి కట్టిన తాడు గోడలో చిల్లు గుండా వరండాలోకి వెళ్లేది. అక్కడ కూర్చుని గంటల తరబడి ఆ తాడు లాగేవాడు పంకా కూలీ. దొరల బంగళాల్లో, కచేరీల్లో, చర్చిల్లో లోపలున్నవాళ్లకి గాలి తగిలేది, గాలి తెప్పించేవాడు మాత్రం బయట ఎండలో ఉండేవాడు. రాత్రిపూట చెయ్యి నొప్పెడితే తాడు కాలికి కట్టుకుని లాగేవాడు. నిద్ర ముంచుకొచ్చి పంకా ఆగితే లోపల్నుంచి దొర లేచొచ్చి తన్నేవాడు. ఆ దెబ్బలకి కూలీలు చచ్చిపోయిన కేసులు 19వ శతాబ్దపు బ్రిటిష్ ఇండియా కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. చాలాసార్లు డాక్టరు వచ్చి ఒకటే మాట చెప్పేవాడు: మలేరియా వల్ల ఇతని ప్లీహం ముందే వాచి ఉంది, అందుకే చిన్న దెబ్బకే పగిలింది. దొరకి కొద్దిపాటి జరిమానాతో సరి. కరెంటు ఫ్యాన్ చరిత్రను ఎప్పుడూ కనిపెట్టినవాళ్ల పేర్లతో మొదలుపెడతారు. అది ఎవరి పని తీసుకుందో, ఎవరిని ఆ తన్నుల నుంచి తప్పించిందో కూడా రాయాలని నాకనిపిస్తుంది.

అమెరికాలో కథ వేరు. అక్కడ 1860, 70ల్లో వచ్చిన తొలి సీలింగ్ ఫ్యాన్లు కరెంటువి కావు. పారే నీటితో తిరిగే టర్బైన్, దాన్నుంచి బెల్టులు, ఒకే బెల్టు మీద వరసగా చాలా ఫ్యాన్లు. పెద్ద దుకాణాల్లో, హోటళ్లలో పెట్టేవాళ్లు. తర్వాత ఫిలిప్ డీల్ అనే జర్మన్ వలసదారు న్యూజెర్సీలోని సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేస్తూ, కుట్టుమిషన్ కోసం తయారుచేసిన కరెంటు మోటారుకి రెక్కలు బిగించి కప్పుకి వేలాడదీశాడు. దానికి పేటెంటు కూడా వచ్చింది. ఇప్పటికీ అమెరికాలో అమ్ముడుపోయే హంటర్ ఫ్యాన్ల కంపెనీ మొదలైంది కూడా ఆ రోజుల్లోనే, 1886లో.

మన దగ్గర ఫ్యాన్ రాజధాని కలకత్తా. 1899లో ఇమాంబాగ్ లేన్ పవర్ స్టేషన్ నుంచి నగరానికి కరెంటు రావడం మొదలైంది. ఆ ఊరి ఉక్కపోతలో దొరల ఇళ్లకి దీపంతో పాటు గాలి కూడా కావాల్సొచ్చింది. మొదట్లో విలాయతీ సరుకు, తర్వాత ఇక్కడి ఫ్యాక్టరీలు. 1930ల్లో కలకత్తాలో మొదలైన జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ముందు ఉషా కుట్టుమిషన్లు చేసి ఆ తర్వాత ఉషా ఫ్యాన్లకి వచ్చింది. డీల్ నడిచిన దారే. మన అమ్మమ్మల ఇళ్లలో మూలన ఉన్న మిషన్ మీదా, పైన తిరిగే ఫ్యాన్ మీదా ఒకే పేరు ఉండేది అందుకే. ఓరియంట్, ఖైతాన్ కూడా కలకత్తావే. బొంబాయిలో క్రాంప్టన్. హైదరాబాద్‌లోనూ చిన్న పరిశ్రమల మధ్య సీలింగ్ ఫ్యాన్ల తయారీ ఒక ప్రత్యేక క్లస్టర్‌గా ప్రభుత్వ జాబితాలకెక్కింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన మలుపు ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్లు ఏసీలకి అలవాటుపడి సీలింగ్ ఫ్యాన్లని దాదాపు మర్చిపోయారు. 1973లో చమురు ధరలు భగ్గుమనేసరికి కరెంటు ఆదా గుర్తొచ్చింది. అప్పుడు టెక్సస్‌లో ఒక కంపెనీ ఇండియాలో క్రాంప్టన్ గ్రీవ్స్ చేసిన ఫ్యాన్లని తెప్పించి అమ్మడం మొదలుపెట్టింది, తక్కువ కరెంటుతో తిరుగుతాయని చెప్పి. అంటే ఒకప్పుడు పొదుపైన ఫ్యాన్ కోసం అమెరికావాడు మనవైపు చూశాడు. ఆ తర్వాత మనం అక్కడే ఆగిపోయాం.

ఎందుకు ఆగిపోయాం? తెలివితక్కువై కాదు. మోటారు సంగతి కొంచెం చెప్పాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్‌లో తీగ చుట్టిన స్టేటర్ మధ్యలో కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న బయటి గిన్నె రెక్కలతో సహా తిరుగుతుంది. నిమిషానికి 350, 400 చుట్లు తిరగాలి, అంతకన్నా వేగం వద్దు. ఇంత నెమ్మదిగా తిరగాలంటే ఆ చిన్న మోటారులో చాలా పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఇరికించాలి. అలా ఇరికిస్తే నష్టాలు పెరుగుతాయి. గోడలోంచి తీసుకునే 75 వాట్లలో సగానికి పైగా గాలిగా మారదు, వేడిగా పోతుంది. దీనికి తోడు పాతకాలపు రెగ్యులేటర్. స్విచ్‌బోర్డు మీద నల్లటి పెద్ద పెట్టె గుర్తుందా? చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. ఫ్యాన్‌ని రెండులో పెడితే మిగిలిన కరెంటు ఆదా అవుతోందని అందరూ అనుకునేవాళ్లు. అందులో పెద్ద భాగం ఆ పెట్టెలోనే కాలిపోయేది.

ఇంజనీర్లకి ఇదంతా తెలుసు. ఇంకాస్త రాగి, ఇంకాస్త మంచి ఇనుప రేకులు, రెక్కల వంపులో శ్రద్ధ పెడితే 50 వాట్లకి దించవచ్చని కూడా తెలుసు. కానీ అలా చేస్తే ఫ్యాన్ ధర మూడు నాలుగొందలు పెరుగుతుంది. ఆ మూడొందలు ఎవరు పెడతారు? అపార్ట్‌మెంట్ కట్టేవాడు పెట్టడు, బిల్లు అతను కట్టడు కదా. అద్దెకిచ్చే ఓనరు పెట్టడు, బిల్లు అద్దెకుండేవాడిది. అద్దెకుండేవాడు పెట్టడు, రేపు ఇల్లు మారితే ఫ్యాన్ విప్పుకుని తీసుకెళ్లాలా? బళ్లకీ హాస్టళ్లకీ టెండరు పిలిచే ఆఫీసుకి తక్కువ రేటు రాసినవాడే కావాలి. గుళ్లో, ఫంక్షన్ హాల్లో ఫ్యాన్లు దాతలవి. రెక్కల మీద ఎర్ర రంగుతో దాత పేరూ ఊరూ రాయిస్తారు. కరెంటు పోతే తప్ప ఆ పేరు చదవలేం, అయినా రాయిస్తారు. ఇలా కొనే చెయ్యి ఒకటి, బిల్లు కట్టే చెయ్యి ఇంకొకటి అయినప్పుడు కంపెనీ మాత్రం దేనికోసం మోటారు మారుస్తుంది? రంగులు మార్చింది, బంగారు అంచులు పెట్టింది, సినిమా తారలతో ప్రకటనలు చేయించింది. ‘100% కాపర్’ అని డబ్బా మీద అచ్చేసింది.

సర్కారు కూడా చాలాకాలం మొహమాటపడింది. ఫ్యాన్లకి స్టార్ లేబుల్ పదిహేనేళ్ల క్రితమే వచ్చింది కానీ అది ఇష్టముంటే పెట్టుకోండి అనే పద్ధతి. పెట్టుకోకపోతే ఏమీ కాదు, కాబట్టి పెట్టుకున్నవాళ్లు కొందరే. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో ప్రయత్నం జరిగింది. 50 వాట్ల 5 స్టార్ ఫ్యాన్లు కరెంటు పంపిణీ సంస్థల (డిస్కమ్‌ల) ద్వారా ఇచ్చి, డబ్బులు కరెంటు బిల్లులో నెలనెలా వాయిదాలుగా తీసుకోవడం. ఆలోచన మంచిదే. కానీ ఎల్‌ఈడీ బల్బులు పాకినట్టు పాకలేదు. ఈ బల్బులూ ఫ్యాన్లూ ఇచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు వెళితే, ఫ్యాన్లు 23 లక్షల చిల్లర. బల్బు అయితే మనమే మార్చుకుంటాం. ఫ్యాన్ మార్చాలంటే ఎలక్ట్రీషియన్ రావాలి, నిచ్చెన వెయ్యాలి, తిరుగుతున్న పాతది ఏం చెయ్యాలన్న ప్రశ్న ఉంటుంది. బాగానే తిరుగుతున్నదాన్ని విప్పడానికి మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు.

చివరికి 2023 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. ప్రమాణం కూడా బిగించారు. నిన్నటి 5 స్టార్ నేటి 1 స్టార్ అయింది. అప్పుడు పెట్టిన లెక్క ఏమిటంటే, ఒక్కో వాటుకి నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలి వస్తుందో చూస్తారు. 48 అంగుళాల ఫ్యాన్ నిమిషానికి కనీసం 210 ఘనమీటర్ల గాలి తొయ్యాలి. వాటుకి 4 ఇస్తే 1 స్టార్, 6 ఇస్తే 5 స్టార్. అంటే 5 స్టార్ కావాలంటే ఆ గాలిని 35 వాట్లలో ఇవ్వాలి. పాత మోటారుతో అక్కడిదాకా వెళ్లడం దాదాపు అసాధ్యం. అందుకే ఇప్పుడు ఎక్కడ చూసినా బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారు ఫ్యాన్లు.

బీఎల్‌డీసీ ఫ్యాన్ని నేను తిట్టడానికి కూర్చోలేదు. అది నిజంగా మంచి యంత్రం. తిరిగే గిన్నెలో అయస్కాంతాలుంటాయి, లోపలి తీగచుట్లకి ఏ క్షణంలో ఎటు కరెంటు ఇవ్వాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. 28, 30 వాట్లతో అదే గాలి. వేగం తగ్గిస్తే కరెంటు కూడా నిజంగానే తగ్గుతుంది. వోల్టేజీ పడిపోయే పల్లెల్లో పాత ఫ్యాన్ సాయంత్రం అయ్యేసరికి ఈడ్చుకుంటూ తిరిగితే ఇది అదే వేగంతో తిరుగుతుంది. 2012లో కోయంబత్తూరు కంపెనీ ఒకటి సూపర్‌ఫ్యాన్ పేరుతో ఇలాంటిది మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత ఐఐటీ బొంబాయి కుర్రాళ్లు పెట్టిన ఆటంబర్గ్ దాన్ని ఇంటింటి మాట చేసింది. అదే 2012 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలతో జనం ఇన్వర్టర్లు కొనుక్కున్నారు. ఇన్వర్టర్ మీద రెండు పాత ఫ్యాన్లు తిరిగే చోట ఇవి నాలుగు తిరుగుతాయి.

ఆదా లెక్క కూడా నిజమే. ఏడాదికి 4,000 గంటలు తిరిగే ఫ్యాన్ మీద 45 వాట్లు మిగిలితే 180 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే వెయ్యి దాటుతుంది. మామూలు ఫ్యాన్‌కన్నా ఎక్కువ పెట్టిన డబ్బు ఏడాదిన్నరలో తిరిగొస్తుంది. ఒక్క షరతు: ఖాళీ గదిలో తిప్పకూడదు. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుంది, అంతే. మనిషి లేని గదిలో అది వాడే ప్రతి వాటూ ఆ గదిలోనే వేడిగా మిగులుతుంది. అందుకే మచిలీపట్నం ఉక్కపోతలో ఫ్యాన్ ప్రాణం పోస్తుంది కానీ రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం వడగాడ్పుల్ని మన మీదకే విసురుతుంది. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. దీనికి స్టార్లతో సంబంధం లేదు.

ఇక అసలు గొడవ.

పాత ఫ్యాన్ పాడైతే ఏమయ్యేదో గుర్తు తెచ్చుకోండి. నెమ్మదించిందా? “కండెన్సర్ పోయిందండీ” అనేవాడు మెకానిక్, ఫ్యాన్ దించకుండానే. ఆ 2.5 మైక్రోఫారడ్ డబ్బీ కిరాణా కొట్టు పక్కన ఎలక్ట్రికల్ షాపులో దొరికేది, ఇప్పటికీ వంద రూపాయల లోపే. ఏ కంపెనీ ఫ్యాన్‌కైనా అదే. అది మార్చేదాకా ఆగలేనివాళ్లు చీపురుకట్టతో రెక్కని ఒక తోపు తోస్తే ఫ్యాన్ అందుకునేది. పొరపాటున ఎదురువైపు తోస్తే అటే తిరిగేది, గాలి పైకి పోయేది. గరగర చప్పుడొస్తే బేరింగ్. కంపెనీలు వేరైనా బేరింగు నంబరు చాలావాటికి ఒకటే. మోటారు కాలిపోతే వైండింగ్ షాపు. స్టేటర్లోంచి మాడిన తీగ కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, సన్నటి ఎనామిల్ రాగి తీగ మళ్లీ చుట్టి, వార్నిష్ పోసి సాయంత్రానికి ఇచ్చేవాడు. చదువు పదో తరగతి దాటనివాళ్లు, అసలు బడికి వెళ్లనివాళ్లు కూడా ఈ పని నేర్చుకుని కుటుంబాలు పోషించారు. మండల కేంద్రాల్లో ఇప్పటికీ ఒకటో రెండో వైండింగ్ షాపులున్నాయి, పొలం మోటార్లతో పాటు ఫ్యాన్లూ చేస్తాయి.

ఈ వ్యవస్థని ఏ కంపెనీ కట్టలేదు, ఏ ప్రభుత్వమూ పథకం పెట్టలేదు. మోటారు అందరికీ అర్థమయ్యేలా ఉంది కాబట్టి, భాగాలు అందరివీ ఒకటే కాబట్టి దానంతటదే పుట్టింది. కరెంటు విషయంలో పాత ఫ్యాన్ దుబారా మనిషే. ఆయుష్షు విషయంలో మాత్రం దానికి సాటి వచ్చే వస్తువు మన ఇళ్లలో లేదు. నలభై ఏళ్ల నాటి ఫ్యాన్ రెండుసార్లు వైండింగ్ చేయించుకుని ఇప్పటికీ తిరుగుతున్న ఇళ్లు మీ చుట్టాల్లోనే ఉంటాయి.

కొత్త ఫ్యాన్‌లో పోయేది మోటారు కాదు, ఎక్కువగా బోర్డు. పిడుగు పడో, వోల్టేజీ ఎగిరో, లేదా ఊరికేనో పోతుంది. మా ఇంట్లో ఒకటి వానాకాలంలో అలాగే పోయింది, వారంటీ దాటిన కొద్ది నెలలకే. రిమోట్ నొక్కితే ‘టిక్’ అంటుంది, రెక్క కదలదు. సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశామండీ, బోర్డు దొరకడం కష్టం, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి అన్నారు. తీగ బాగుంది, అయస్కాంతాలు బాగున్నాయి, బేరింగులు బాగున్నాయి, రెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి. అరచేతిలో పట్టే బోర్డు కోసం అదంతా పాత సామాన్ల బండికెక్కాలన్నమాట. మా వీధి మెకానిక్ విప్పి చూసి, “ఇది మా పని కాదు సార్, దీంట్లో ప్రోగ్రాం ఉంటది” అని మళ్లీ బిగించేశాడు. పదేళ్ల ముందైతే ఆ చేతులే గంటలో తిప్పించేవి.

కొందరంటారు, టీవీలకీ వాషింగ్ మెషీన్లకీ ఇదే పరిస్థితి కదా, ఫ్యాన్‌కి మాత్రం ఎందుకీ బాధ అని. తేడా ఉంది. టీవీ కొనమని ప్రభుత్వం చెప్పలేదు. ఫ్యాన్ విషయంలో ప్రమాణాలు పెట్టి, పాత 75 వాట్ల ఫ్యాన్లని మార్కెట్లోంచి తోసేసింది ప్రభుత్వమే. తోసెయ్యడం సరైనదేనని నేనూ అంటున్నాను. కానీ వాట్లు ఎంతుండాలో చట్టం చెప్పగలిగినప్పుడు, బోర్డు ఎన్నేళ్లు దొరకాలో ఎందుకు చెప్పలేదు? ఇంకొందరు, మిగిలిన కరెంటు బిల్లుతో ప్రతి ఐదేళ్లకీ కొత్త ఫ్యాన్ కొనుక్కోవచ్చని లెక్కేస్తారు. నెలకి వంద యూనిట్ల లోపు వాడేవాళ్ల ఇంట్లో యూనిట్ ధరే తక్కువ, వాళ్ల ఆదా ఆ లెక్కకన్నా చాలా తక్కువ. మూడు వేలు ఒక్కసారిగా తియ్యడం కష్టమయ్యేది కూడా ఆ ఇంట్లోనే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. బోర్డుకీ మోటారుకీ మధ్య కనెక్టరు అన్ని కంపెనీలకీ ఒకే కొలతలో ఉండాలి. మోడల్ ఆపేశాక కూడా పదేళ్ల పాటు బోర్డు విడిగా అమ్మాలి, ధర డబ్బా మీద అచ్చెయ్యాలి. రిమోట్ పోయినా గోడ స్విచ్చితో ఫ్యాన్ నడవాలి (కొన్ని కంపెనీలు ఇప్పటికే ఇది చేస్తున్నాయి, కాబట్టి అసాధ్యం అనకండి). ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సులో ఈ బోర్డుల రిపేరు ఒక పాఠం కావాలి. ఫ్రాన్స్‌లో 2021లోనే ఫోన్లకీ, ల్యాప్‌టాప్‌లకీ, వాషింగ్ మెషీన్లకీ రిపేరు తేలికో కష్టమో చెప్పే మార్కులు వెయ్యడం మొదలుపెట్టారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. స్టార్ల పక్కన ఇంకో అంకె అచ్చెయ్యడానికి ఆ స్టిక్కర్ మీద బోలెడు చోటుంది.

ప్రభుత్వం కదిలేలోపు బజారు కదులుతోంది. ఇప్పుడు ఏ కంపెనీ మోటారుకైనా సరిపోతాయని చెప్పే ‘యూనివర్సల్’ బీఎల్‌డీసీ బోర్డులు వేరే రిమోట్‌తో సహా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కోఠిలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల అడిగితే చూపిస్తున్నారు. వాటికి ఐఎస్ఐ ఉందా, మంట పుడితే ఎవరు జవాబుదారీ అని అడిగితే కొట్టువాడు నవ్వుతాడు. మూడు తీగలు, ఏది ఎటు కలిపినా తిరుగుతుంది, వెనక్కి తిరిగితే రెండు మార్చి కలపండి అంటాడు. మా ఫ్యాన్‌కి అదే వేయించాం. ఐదో నంబరులో కాస్త ఊళ పెడుతోంది, నాలుగులో బాగానే ఉంది.